ఓడినా కుర్చీ కదలనివాళ్లు

ప్రశ్న: నేను 2012లో ఎంఎస్ చదవడానికి ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీకి వచ్చాను. ఇప్పుడు జాక్సన్‌విల్‌లో ఉద్యోగం. అక్కా బావా అలబామా రాష్ట్రంలో, బర్మింగ్‌హామ్‌లో ఉంటారు. బావ అక్కడ చదువుకోలేదు, ఉద్యోగానికి వెళ్లి స్థిరపడ్డాడంతే. అయినా కాలేజ్ ఫుట్‌బాల్ ఆటలుండే శనివారం వచ్చిందంటే ఇంటిల్లిపాదీ అలబామా యూనివర్సిటీ జట్టు ఎర్ర చొక్కాలే. మొన్న సంక్రాంతికి వాళ్లింటికి వెళ్లాం. అరిసెలు తింటూ నేను ఊరుకోలేక, "మూడు ఆటలు ఓడిన జట్టుని ప్లేఆఫ్‌లో పెట్టారు, చివరికి ఇండియానా చేతిలో 38–3. ఎస్ఈసీ (అలబామా ఉన్న జట్ల కూటమి) అంటే చాలు, టీవీవాళ్లూ కమిటీ అంతా ఒకటే" అన్నాను. బావ నవ్వి, మా ఫ్లోరిడా స్టేట్ ఓడిన స్కోరు ఎత్తి "63–3 మర్చిపోయావేంట్రా?" అన్నాడు. పదకొండేళ్ల మేనల్లుడు అందుకుని "మామయ్యా, సిక్స్‌టీత్రీ–త్రీ" అని పాట కట్టి ఇల్లంతా తిరిగాడు. నేను గొంతు పెంచాను. అక్క ఏడ్చింది. చీకటి పడకముందే బయల్దేరి వచ్చేశాం. అప్పట్నుంచీ బావతో మాటల్లేవు. నిజంగా పక్షపాతం ఉందా, లేక నేనే ఓర్వలేక మాట్లాడుతున్నానా? వచ్చే థాంక్స్‌గివింగ్‌కి వాళ్లింటికి వెళ్లాలా వద్దా?

— జాక్సన్‌విల్ నుంచి ఒక పాఠకుడు

సమాధానం: వెళ్లండి. ఆ సంగతి చివర్లో మాట్లాడుకుందాం. ముందు మీరిద్దరూ ఒకరి మీద ఒకరు విసురుకున్న ఆ రెండు స్కోర్లనీ లాక్కోవాలి.

మీ 38–3, ఆయన 63–3 ఒకే తప్పు. కమిటీ జట్లను ఎంపిక చేసేది డిసెంబరు మొదటి వారంలో. ఆ రెండు ఆటలూ జరిగింది ఎంపిక అయిపోయిన మూడు నాలుగు వారాలకి. తీర్పు చెప్పేశాక దొరికిన సాక్ష్యం చూపించి "చూశావా, తీర్పు సరైందే" అంటే మన ఊరి రచ్చబండ మీద కూడా చెల్లదు. 2023 డిసెంబరు 30న ఆరెంజ్ బౌల్ అనే సీజన్ చివరి ఆటలో జార్జియా మీ జట్టుని 63–3తో ఓడించినప్పుడు మీవైపు ఇరవై మందికి పైగా ఆటగాళ్లు బరిలోకే దిగలేదు. కప్పు దక్కదని తేలిపోయాక కొందరు డ్రాఫ్ట్ (ఎన్ఎఫ్ఎల్ అనే ప్రొఫెషనల్ లీగ్ జట్ల ఎంపిక) చూసుకున్నారు, కొందరు వేరే కాలేజీ చూసుకున్నారు. ఆ ఆటతో డిసెంబరు 3 నాటి నిర్ణయాన్ని సమర్థించడం కుదరదు. అలాగే మొన్న రోజ్ బౌల్‌లో ఇండియానా చితక్కొట్టింది కాబట్టి అలబామాకి అర్హత లేదనడమూ కుదరదు. ఆ ఇండియానా ఒక్క ఆట కూడా ఓడకుండా కప్పు ఎగరేసుకుపోయిన జట్టు. ఆరిగన్‌నీ 56–22తో ఇంటికి పంపింది. వాళ్ల చేతిలో ఎవరు పడినా అంతే.

ఇంకా ముందుకెళ్లే ముందు నా సంగతీ చెప్పుకోవాలి. నేను ఇరవై ఏళ్లుగా ఒహాయోలో ఉంటున్నాను. మాది బిగ్ టెన్ కాన్ఫరెన్స్ (ఇంకో జట్ల కూటమి) రాష్ట్రం. నా తక్కెడకీ పాసంగం ఉంటుంది. చూసుకుని చదవండి.

ఈ ఆట గొడవ తెలియని పాఠకులకి ఒక్క ముక్క. అమెరికా కాలేజ్ ఫుట్‌బాల్ పై శ్రేణిలో నూట ముప్పైకి పైగా జట్లున్నాయి. కాన్ఫరెన్స్ ఫైనల్ లాంటివి కాక ఒక్కో జట్టు సీజన్‌కి ఆడేది పన్నెండు ఆటలే, అందులో ఎక్కువ భాగం తమ కాన్ఫరెన్స్‌లోని జట్లతోనే. అంటే చాలా జట్లు ఒకదానికొకటి ఎదురే పడవు. ఐపీఎల్‌లోలా పాయింట్ల పట్టిక చూసి పైనున్న నాలుగింటిని తీసుకునే వీల్లేదు. పదముగ్గురు సభ్యుల కమిటీ కూర్చుని ఎవరు మెరుగో "అనుకోవాలి". 2014 నుంచి నాలుగు జట్లను, 2024 నుంచి పన్నెండు జట్లను (కొన్ని చోట్లు కాన్ఫరెన్స్ విజేతలకి పోను) అలా అనుకునే ఎంచుతున్నారు. 2014కి ముందు ర్యాంకులు చూసి రెండింటినే కప్పు పోరుకి పిలిచేవారు. దక్షిణాది రాష్ట్రాల సౌత్‌ఈస్టర్న్ కాన్ఫరెన్స్, అంటే ఎస్ఈసీ, ఈ అనుకోవడంలో ఎప్పుడూ ముందుంటుందన్నదే మన పాఠకుడి ఫిర్యాదు. దాని ప్రధాన కార్యాలయం ఉన్నది ఆ బావగారుండే బర్మింగ్‌హామ్‌లోనే. ఇది మాత్రం కుట్ర కాదు, యాదృచ్ఛికం!

మీరు ఒప్పుకుని తీరాల్సింది ఒకటుంది. 2006 నుంచి 2022 దాకా పదిహేడు సీజన్లలో పదమూడు కప్పులు ఎస్ఈసీవే. అందులో 2006 నుంచి 2012 వరకూ వరసగా ఏడు. ఆ వరసని తెంచింది మీ ఫ్లోరిడా స్టేటే, 2014 జనవరి 6న ఆబర్న్ మీద 34–31తో. ఇంకో పదమూడు సెకన్లలో ఆట ముగుస్తుందనగా విన్‌స్టన్ విసిరిన బంతిని బెంజమిన్ పట్టుకున్నప్పుడు మీరు మీ యూనివర్సిటీ ఉన్న టలహాసీలోనే ఉండి ఉంటారు. ఎన్ఎఫ్ఎల్ డ్రాఫ్ట్‌లోనూ 2007 నుంచి ఏటా ఎక్కువమంది ఆటగాళ్లు వెళ్లేది ఈ కాన్ఫరెన్స్ నుంచే. డబ్బు లెక్క చూసుకునే ఎన్ఎఫ్ఎల్ జట్లకి మొహమాటాలుండవు. కాబట్టి "ఆ బలం అంతా టీవీవాళ్లు కట్టిన కోట" అని మీరన్న క్షణమే వాదన ఓడిపోతారు. బావ చేతికి మీరే కర్ర ఇచ్చినట్టు.

మరి పక్షపాతం లేదా అంటే, ఉంది. మీరు చూస్తున్న చోట కాదు.

2004లో ఏం జరిగిందో బావకి తప్పకుండా తెలిసుంటుంది. ఆబర్న్ అలబామాకి ఆగర్భ శత్రువు కదా. ఆ ఏడాది ఆబర్న్ ఒక్క ఆటా ఓడలేదు, 13–0. ఎస్ఈసీ కప్పూ దానిదే. అయినా కప్పు పోరుకి పిలుపు రాలేదు. యూఎస్‌సీ, ఓక్లహామా వెళ్లాయి. ఎందుకంటే ఆగస్టులో, ఎవరూ ఇంకా బంతి ముట్టుకోకముందు, పత్రికల వాళ్లు వేసిన ఏపీ (అసోసియేటెడ్ ప్రెస్) ర్యాంకుల్లో యూఎస్‌సీ ఒకటి, ఓక్లహామా రెండు, ఆబర్న్ పదిహేడు. పై రెండూ ఓడలేదు కాబట్టి కదల్లేదు. ఆబర్న్ ఎంత పరిగెత్తినా మూడో మెట్టు మీదే ఆగింది. కప్పు ఆటలో ఓక్లహామా 55–19తో కూలింది. అంటే ఆ రోజు దెబ్బ తిన్నది ఎస్ఈసీయే. దెబ్బ కొట్టింది ఆగస్టు నాటి ఊహ.

ఇప్పుడు ఆ ఆగస్టు ఊహ ఎవరివైపుందో చూడండి. 2025 సీజన్ మొదలయ్యే ముందు ఏపీ ఇరవై అయిదులో పది జట్లు ఎస్ఈసీవే. మొదటి స్థానం టెక్సస్‌ది. అది మొదటి ఆటలోనే ఒహాయో స్టేట్ చేతిలో 14–7తో ఓడింది. ఆ పదింటిలో ఉన్న ఫ్లోరిడా, సౌత్ కరోలినా రెండూ చివరికి నాలుగు గెలిచి ఎనిమిది ఓడాయి. (మీ కాన్ఫరెన్స్ ఏసీసీలోని క్లెమ్సన్‌ని నాలుగో స్థానంలో పెట్టారు, అదీ కూలింది. కాబట్టి ఊహ తప్పడం ఒక్క ఎస్ఈసీ సొత్తు కాదు.) పది జట్లను ముందే పైన కూర్చోబెట్టాక అవి ఒకదానితో ఒకటి ఆడుకుంటే ఏమవుతుంది? గెలిచినవాడు "ర్యాంకున్న జట్టుని గెలిచాడు". ఓడినవాడు "ర్యాంకున్న జట్టు చేతిలోనేగా ఓడింది". ఇంట్లోవాళ్లే ఇంట్లోవాళ్లకి చీటీపాట పాడుకున్నట్టు, సొమ్ము బయటికి పోదు. బయటి కాన్ఫరెన్స్‌లోని పెద్ద జట్టుతో ఆడితే కదా అసలు విలువ తేలేది! అలాంటి ఆటలు జట్టుకి ఒకటో రెండో.

అందుకే నేను గెలుపుల జోలికి పోను. గెలిచినప్పుడు అందరికీ మార్కులు పడతాయి. ఓడినప్పుడు ఎవరి కుర్చీ ఎంత కదిలిందో చూస్తాను.

2011 చూడండి. అలబామా తన సొంత మైదానంలో ఎల్ఎస్‌యూ చేతిలో ఓవర్‌టైమ్‌లో 9–6తో ఓడింది. ఓక్లహామా స్టేట్ కూడా ఒక్కటే ఓడింది, రెండు ఓవర్‌టైమ్‌లు ఆడి, అయోవా స్టేట్ చేతిలో. ఆ ఆటకి ముందురోజే విమాన ప్రమాదంలో ఓక్లహామా స్టేట్ మహిళా బాస్కెట్‌బాల్ కోచ్‌లు ఇద్దరు చనిపోయారు. ఓక్లహామా స్టేట్ తన కాన్ఫరెన్స్ కప్పు గెలిచింది, అలబామా తన డివిజనే (కాన్ఫరెన్స్‌లో సగం) గెలవలేదు. కప్పు పోరుకి వెళ్లింది మాత్రం అలబామా, మళ్లీ అదే ఎల్ఎస్‌యూ మీదకి. 21–0తో గెలిచింది కూడా. "పెద్దవాడి చేతిలో ఓడడం, చిన్నవాడి చేతిలో ఓడడం ఒకటేనా?" అని బావ అడుగుతాడు. అది మంచి ప్రశ్నే. కానీ ఎవరు పెద్ద, ఎవరు చిన్న అన్నది ఆగస్టులోనే రాసి పెట్టుకున్నారే, అక్కడుంది మెలిక.

2017లో నా వంతు వచ్చింది. బిగ్ టెన్ కప్పు గెలిచిన ఒహాయో స్టేట్‌ని కాదని, కాన్ఫరెన్స్ ఫైనల్ కూడా ఆడని అలబామాని తీసుకున్నారు. మా ఇంట్లో ఆ ఆదివారం వంట కాలేదు. వారం రోజులు దొరికిన ప్రతివాడికీ నా వాదన వినిపించాను. ఆ వాదనలో మేం అయోవా చేతిలో 55–24తో ఓడిన సంగతి ఒక్కసారి కూడా రాలేదని మా ఆవిడ తర్వాత గుర్తు చేసింది.

అదే ఏడాది మీ రాష్ట్రంలోనే, ఆర్లాండోలో యూసీఎఫ్ ఒక్క ఆటా ఓడలేదు. కమిటీ వాళ్లకి పన్నెండో స్థానం ఇచ్చింది. కప్పు పోరుకి వెళ్లిన అలబామా, జార్జియా రెంటినీ ఆ సీజన్‌లో ఓడించిన ఆబర్న్‌ని యూసీఎఫ్ పీచ్ బౌల్‌లో 34–27తో గెలిచింది. అప్పుడు మీరు వాళ్ల తరఫున ఒక్క మాటైనా అన్నారా? నాకు తెలిసిన ఫ్లోరిడా స్టేట్ అభిమానులు మాత్రం నవ్వుకున్నారు. చిన్న కాన్ఫరెన్స్ కదా అని.

ఇక మొన్నటి 2025 డిసెంబరు. మీ ఉత్తరంలో కోపం చాలానే ఉంది కానీ, మీకు దొరికిన అసలైన సాక్ష్యం మీరే వదిలేశారు. కాన్ఫరెన్స్ ఫైనల్లో అలబామా జార్జియా చేతిలో 28–7తో ఓడింది. ముందు తొమ్మిదో స్థానం, తర్వాతా తొమ్మిదే. అదే రోజు బీవైయూ తన కాన్ఫరెన్స్ ఫైనల్లో టెక్సస్ టెక్ చేతిలో 34–7తో ఓడింది. పదకొండు నుంచి పన్నెండుకి దిగింది. ఒక్క మెట్టే, పైగా కాన్ఫరెన్స్ విజేతలకి పోయే చోట్లు తీసేస్తే బీవైయూ ముందు నుంచీ ఎంపిక గీతకి అవతలే ఉంది కాబట్టి ఫలితం మారలేదు. అయినా ఒకే రోజు, ఒకే రకం ఓటమి: ఒకరికి జరిమానా, ఇంకొకరికి మాఫీ. ఫైనల్ దాకా వెళ్లినందుకు శిక్ష వేయకూడదని వాదించవచ్చు, నేను ఒప్పుకుంటాను. అయితే ఇద్దరికీ వేయకూడదు. బావ ముందు పెట్టాల్సింది ఇది. "టీవీవాళ్లూ కమిటీ అంతా ఒకటే" అన్న మాటకి ఆయన నవ్వాడు. దీనికి నవ్వలేడు, కాసేపు ఆలోచించాల్సి వస్తుంది.

టీవీ సంగతి కూడా తేల్చేద్దాం, మీరు దాన్ని వదలరు కాబట్టి. ఈఎస్‌పీఎన్‌కి ఎస్ఈసీతో సంబంధం చుట్టరికం లాంటిదన్నది నిజం. ఎస్ఈసీ నెట్‌వర్క్ 2014 నుంచి వాళ్లదే. 2024 నుంచి, అంతకుముందు సీబీఎస్‌లో వచ్చే పెద్ద ఆటలు కూడా ఏడాదికి సుమారు 30 కోట్ల డాలర్లకి కొనేసుకున్నారు. ప్లేఆఫ్ ప్రసార హక్కులూ వాళ్లవే. ఇంత సొమ్ము పోసి కొన్న సరుకుని దుకాణం ముందు వరసలో పెట్టరా? పెడతారు. రోజుకి పది గంటలు ఎస్ఈసీ గురించే మాట్లాడితే ఆగస్టులో ఓటు వేసే విలేకరి చెవిలోకీ పోతుంది. అంతవరకూ సరే. కానీ ఏసీసీ నెట్‌వర్క్ కూడా ఈఎస్‌పీఎన్‌దేనని మర్చిపోకండి. 2023లో మిమ్మల్ని పక్కన పెట్టమని ఎవరో ఫోన్ చేశారనడానికి ఆధారం లేదు. పైగా ఆ ఏడాది కమిటీ అధ్యక్షుడు బూ కొరిగన్ నార్త్ కరోలినా స్టేట్ అథ్లెటిక్ డైరెక్టర్, అంటే మీ ఏసీసీ మనిషే. 2025లో బీవైయూని దించినప్పుడు ఆ కుర్చీలో ఉన్నది ఎస్ఈసీలోని అర్కన్సా అథ్లెటిక్ డైరెక్టర్. రెండో ముక్క మీకు నచ్చుతుంది, మొదటిది నచ్చదు. చెప్తే రెండూ చెప్పాలి.

ఈ కొరిగన్ విషయం నాకెప్పుడూ 2019 క్రికెట్ ప్రపంచకప్పుని గుర్తు చేస్తుంది. గుంటూరు కుర్రాడు అంబటి రాయుడిని జట్టులోంచి తప్పించి, విజయ్ శంకర్ మూడు రకాలుగా పనికొస్తాడని చెప్పిన చీఫ్ సెలెక్టర్ ఎమ్మెస్కే ప్రసాద్ ఎక్కడివాడు? గుంటూరువాడే. రాయుడు త్రీడీ కళ్లద్దాలకి ఆర్డరిచ్చానని ట్వీట్ పెట్టి మన అందరి కడుపు మంట చల్లార్చాడు. సొంత ఊరివాడు కుర్చీలో ఉన్నా దెబ్బ తగులుతుంది, తగిలినంత మాత్రాన అది ప్రాంతం మీద కక్షా కాదు.

సరే, 2023. మీ గుండెలో ముల్లు అదేగా. ఫ్లోరిడా స్టేట్ 13–0, కాన్ఫరెన్స్ విజేత. నవంబరు 18న నార్త్ అలబామాతో ఆటలో క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపేవాడు) జోర్డన్ ట్రావిస్ కాలు విరిగింది. ఆ తర్వాత ఫ్లోరిడాని 24–15తో, లూయివిల్‌ని 16–6తో గెలిచారు, ఆ చివరి ఆట మూడో క్వార్టర్‌బ్యాక్‌తో. అవతల అలబామాకి ఒక ఓటమి ఉంది, సెప్టెంబరులో టెక్సస్ చేతిలో 34–24. కానీ డిసెంబరు 2న వరసగా 29 ఆటలు గెలుస్తూ వస్తున్న జార్జియాని 27–24తో పడగొట్టింది. మర్నాడు కమిటీ నాలుగో స్థానం అలబామాకి, అయిదోది మీకు ఇచ్చింది. పెద్ద కాన్ఫరెన్స్ నుంచి ఓటమి లేని విజేతని బయట పెట్టడం ఆ పదేళ్ల నాలుగు జట్ల ప్లేఆఫ్‌లో అదే మొదటిసారి. ముఖ్య ఆటగాడు అందుబాటులో లేకపోవడాన్ని లెక్కలోకి తీసుకోవచ్చని కమిటీ నియమాల్లో ముందు నుంచీ ఉంది, కాబట్టి అప్పటికప్పుడు కల్పించింది కాదు. ట్రావిస్ లేని జట్టు బలం తగ్గిందన్నదీ అబద్ధం కాదు. నా మాట అడిగితే అది తెలివితక్కువ నిర్ణయం కాదు, అన్యాయమైన నిర్ణయం. పదమూడు పరీక్షలు పాసైన పిల్లాడికి "పద్నాలుగోది తప్పుతావేమో" అని సీటు ఇవ్వకపోవడం లాంటిది. కాలు విరిగిన ఆ ట్రావిస్, తన కాలు సీజన్‌లో ఇంకా ముందే విరిగి ఉంటే బాగుండేది, ఈ జట్టు తాను ఒక్కడే కాదని అందరూ చూసేవారు అని రాశాడు. ఆ మాట చదివాక నాకు అలబామా మీద కోపం రాలేదు, ఆ పద్ధతి మీద వచ్చింది.

బావకీ ఒక మాట ఇవ్వాలి కాబట్టి 2024 చెప్తాను. ఆ ఏడాది అలబామా వాండర్‌బిల్ట్ చేతిలో 40–35తో, ఓక్లహామా చేతిలో 24–3తో ఓడి మొత్తం మూడు ఓటములతో నిలబడితే కమిటీ వాళ్లని కాదని మీ ఏసీసీ నుంచి ఎస్ఎంయూని తీసుకుంది. అప్పుడు దక్షిణాదంతా "మాకు అన్యాయం" అని గోల పెట్టింది. ఎస్ఎంయూ మొదటి ఆటలోనే పెన్ స్టేట్ చేతిలో 38–10తో ఓడితే "చూశారా" అన్నారు. మళ్లీ అదే తప్పు, మీరూ బావా సంక్రాంతి నాడు చేసింది. 2023 నుంచి 2025 దాకా మూడు సీజన్లలో ఎస్ఈసీ జట్టు కప్పు ఆట దాకా కూడా రాలేదు. మిషిగన్, ఒహాయో స్టేట్, ఇండియానా, మూడు కప్పులూ మావైపే. ఇది చెప్పేటప్పుడు నా చెయ్యి కాస్త వణికింది, ఆనందంతో.

ఇంటి సంగతికి వద్దాం. మీ కోపం బావ మీదో కమిటీ మీదో అన్నట్టు మీరు రాశారు కానీ ఉత్తరం చదివితే గుచ్చుకున్నది పిల్లాడి పాట అని తెలుస్తోంది. వాడికి 2023లో ఎనిమిదో తొమ్మిదో ఏళ్లు. వాడికి అది స్కోరు కాదు, మామయ్యని ఉడికించే మంత్రం. మీరు గొంతు పెంచారు కాబట్టి అది పనిచేస్తుందని వాడికి రుజువైంది. అక్కకి ఈ వారమే ఫోన్ చేయండి, ఆట ఊసెత్తకుండా. బావకి ఫోన్ చేయాల్సిన అవసరం లేదు. అక్క చెప్పేస్తుంది.

థాంక్స్‌గివింగ్ మర్నాడో ఆ పైరోజో మీకు ఫ్లోరిడాతో ఆట ఉంటుంది, వాళ్లకి ఆబర్న్‌తో. ఇద్దరూ ఒకే హాల్లో కూర్చోక తప్పదు. నాదొక ఆట ఉంది, మా ఇంట్లో మూడేళ్లుగా ఆడుతున్నాం. ఆ వారం ర్యాంకుల్లో అయిదు నుంచి పదిహేను దాకా ఉన్న జట్ల పేర్లు తీసేసి, చీటీల మీద లెక్కలు మాత్రమే రాయాలి: ఎన్ని గెలుపులు, ఎవరి చేతిలో ఓటమి, ఎంత తేడాతో, సొంత మైదానమా పరాయిదా. ఓడించిన జట్టు పేరు కూడా రాయకూడదు, ఆ జట్టు గెలుపోటముల లెక్కే రాయాలి. ఎవరికి ఎన్నో స్థానమో మీరూ బావా విడివిడిగా పెట్టండి. తర్వాత పేర్లు బయటపెట్టండి. మొదటిసారి నేను ఒహాయో స్టేట్‌ని పదకొండో స్థానంలో పెట్టాను. మా ఆవిడ ఆ చీటీ ఫ్రిజ్ మీద అతికించింది, ఇంకా అక్కడే ఉంది.

చీటీలు అక్క చేత రాయించండి. ఎర్ర చొక్కా వేసుకున్నా ఆవిడకి ఏ జట్టూ లేదని నాకు అనిపించింది, ఏడ్చింది ఆవిడొక్కతే కాబట్టి.

ఇంకొక్క మాట, ఉత్తరం చదువుతున్నప్పటి నుంచీ అడగాలనుకుంటున్నాను. 2025 ఆగస్టు 30న టలహాసీలో ఫ్లోరిడా స్టేట్ ఇదే అలబామాని 31–17తో ఓడించింది. ఆ మూడు ఓటముల్లో మొదటిది మీరు ఇచ్చిందే. సంక్రాంతి నాడు ఆ మాట మీ నోట రాలేదా? సీజన్ చివరికి మీ జట్టు 5–7తో మిగిలిందని సిగ్గుపడ్డారా? మేనల్లుడికి ఆ స్కోరు నేర్పండి. పాట కట్టడం వాడికి వచ్చుగా.